ఉత్తరాంధ్ర చర్చి బడుల కర్బన పద్దు: శృంగవరపుకోట ప్రాంతం

శృంగవరపుకోట విజయనగరం జిల్లాలో తూర్పు కనుమల పాదాన ఉన్న పట్టణం. చుట్టుపక్కల వాళ్లు ఎస్.కోట అంటారు. విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే రోడ్డూ, బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకు దించడానికి 1960ల్లో వేసిన కొత్తవలస–కిరండూల్ రైలు మార్గమూ ఈ ఊరి మీదుగానే కొండల్లోకి పోతాయి. పైన అనంతగిరి కొండల గిరిజన గూడేలు, కింద వరి, చెరకు, చోళ్లు (రాగులు) పండే పల్లెలు. రెండు వైపుల వాళ్లూ సంతకూ, ఆస్పత్రికీ, పిల్లల చదువుకూ ఇక్కడికే దిగుతారు, వస్తారు.

ఈ వ్యాసంలో చర్చి బడి అంటే బాప్టిస్టు, కతోలిక్, లూథరన్ తదితర క్రైస్తవ సంఘాలూ, సన్యాసినీ సభలూ నడిపే బడులు, హాస్టళ్లు. జనం మిషన్ స్కూలు, కాన్వెంటు అని పిలిచేవి ఇవే. కర్బన పాదముద్ర అంటే ఏడాది పాటు బడి నడవడానికి కాలిన డీజిలు, గ్యాసు, కట్టెలు, ఖర్చయిన కరెంటు, కుళ్లిన చెత్త వల్ల గాలిలో కలిసే, వేడిని పట్టి ఉంచే వాయువుల మొత్తం. దాన్ని కార్బన్ డయాక్సైడ్ బరువులోకి మార్చి కిలోల్లో, టన్నుల్లో చెబుతారు. సృష్టి సంరక్షణ అనేది చర్చి వాడుకలో అంతకంటే విస్తృతమైన మాట. నేల, నీరు, చెట్టు, పురుగు, పక్షి అన్నీ అందులోకి వస్తాయి.

పాశ్చాత్య దేశాల చర్చి బడుల కోసం తయారైన పనుల జాబితాలు ఎస్.కోట లాంటి చోట ఉన్నవి ఉన్నట్టు పనికిరావు. ఇంగ్లండులో బడి కాల్చే ఇంధనంలో పెద్ద భాగం చలికాలం గదులు వెచ్చబెట్టడానికి పోతుంది. ఇక్కడ ఆ పద్దే లేదు. ఇక్కడ పెద్ద పద్దులు బస్సు, వంటిల్లు, ఫ్యాను. పైగా ఉత్తరాంధ్ర మిషన్ బడుల్లో చాలా అలవాట్లు ముందునుంచే తక్కువ కర్బనంతో నడిచినవి: పిల్లల నడక, ఎత్తు కప్పుల గదులు, చెట్లున్న కాంపౌండు, ఆకు విస్తరి. కాబట్టి ఇక్కడ తగ్గించడం కంటే ముందు చేయాల్సిన పని, ఉన్న మంచిని చేజార్చుకోకుండా నిలుపుకోవడం. ఆ తర్వాతే కొత్తగా పెరిగిన ఖర్చుల మీద చెయ్యి వేయాలి.

నేపథ్యం

ఉత్తరాంధ్రలో క్రైస్తవ మిషన్ల విద్యా కృషికి రెండు శతాబ్దాల చరిత్ర ఉంది. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరారు. 1846లో ఆల్ప్స్ పర్వతాల దగ్గరి ఆనెసీ నుంచి ఫ్రాన్సిస్ డి సేల్స్ సభకు చెందిన కతోలిక్ గురువులు వచ్చారు. మరుసటి ఏడాదే విశాఖలో సెయింట్ అలోషియస్ బడి మొదలైంది. కెనడా బాప్టిస్టులు 1874లో కాకినాడలో పని ప్రారంభించారు. కెనడా తూర్పు తీర రాష్ట్రాల బాప్టిస్టులు మొదట సయాం దేశం వెళ్లి, 1875లో తెలుగు నేలకు మళ్లారు. భీమునిపట్నం, శ్రీకాకుళం, బొబ్బిలి వాళ్ల తొలి కేంద్రాలు. సాలూరు, పార్వతీపురం వైపు ఉత్తర జర్మనీలోని బ్రెక్లుం నుంచి వచ్చిన లూథరన్లు పనిచేశారు. 1947లో కెనడా బాప్టిస్టుల సంఘాలు ఉత్తర సర్కారుల బాప్టిస్టు సంఘాల సమాఖ్యగా ఏర్పడ్డాయి. కతోలిక్కుల వైపు 1993లో శ్రీకాకుళం ప్రత్యేక మేత్రాసనమైంది, అంటే సొంత బిషప్ ఉన్న పాలనా ప్రాంతమైంది.

ఈ సంఘాలు కట్టిన పాత బడులకు ఒక పోలిక ఉండేది. ఊరి చివర విశాలమైన కాంపౌండు, సున్నంతో కట్టిన మందపాటి గోడలు, ఎత్తయిన పెంకు కప్పు, చుట్టూ వరండా, పైన వేడి గాలి పోవడానికి కంతలు. కరెంటు రాకముందు కట్టినవి కాబట్టి ఎండకూ గాలికీ తగినట్టు కట్టుకున్నారు. దూరపు పల్లెల పిల్లలు హాస్టల్లో ఉండేవారు. దగ్గరి పల్లెల పిల్లలు నడిచి వచ్చేవారు. హాస్టలు పెరట్లో కూరపాదులు పెంచడం, బావి నీళ్లు తోడి మొక్కలకు పోయడం పిల్లల దినచర్యలో భాగం. దోర్నకల్ బిషప్‌గా 1912లో అభిషిక్తుడైన వి.ఎస్. అజరయ్య తన మేత్రాసనంలో చదువుతో పాటు పొలం పనికీ చేతి పనికీ చోటిచ్చారు. ఆ కాలపు తెలుగు మిషన్ చదువుల్లో మట్టి తాకడం చిన్నతనంగా ఎంచలేదు.

ఆ పునాది ఇప్పుడు సగం పోయింది. పెంకు కప్పు కురిస్తే బాగు చేసే మనిషి దొరక్క స్లాబు పోస్తున్నారు. పై అంతస్తుకు రేకులు వేస్తున్నారు. ఏప్రిల్ ఎండలో, మళ్లీ సెప్టెంబరు ఉక్కలో రేకుల కింద గదుల్లో పిల్లలు కూర్చోలేరు. అప్పుడు ఫ్యాన్లు పెరుగుతాయి, ఆఫీసు గదికి ఏసీ వస్తుంది. రాష్ట్రంలో అనేక చోట్ల చర్చి కాంపౌండ్లలోని పెద్ద చెట్లు దుకాణ సముదాయాలకు దారి ఇచ్చాయి. ఒక రావి చెట్టునో, మర్రి చెట్టునో కొట్టి కట్టిన గదుల అద్దె బడికి ఆదాయమే. కానీ ఆ నీడ మళ్లీ రావడానికి రెండు తరాలు పడుతుంది. ఆ సంగతి కమిటీ తీర్మానంలో ఎక్కడా నమోదు కాదు.

విశ్వాసపు ఆధారం, ప్రపంచ ఉద్యమం

బడిలో పర్యావరణ పాఠం చెప్పమని చట్టమే చెబుతోంది. సుప్రీంకోర్టు 1991లో ఎం.సి. మెహతా కేసులో ఇచ్చిన ఆదేశాలు, 2003 నాటి తదుపరి ఉత్తర్వులు దాన్ని అన్ని తరగతులకూ తప్పనిసరి చేశాయి. జాతీయ హరిత దళం పేరిట 2001 నుంచి బడుల్లో ఎకో క్లబ్బులు ఉన్నాయి. చర్చి బడికి వీటితో పాటు తనదైన కారణం ఒకటుంది. ఆదికాండం రెండో అధ్యాయంలో మనిషిని తోటలో ఉంచింది సాగు చేయడానికీ కాపాడడానికీ. లేవీయకాండం 25వ అధ్యాయంలో ఏడో ఏట భూమికి కూడా విశ్రాంతి ఇమ్మన్న ఆజ్ఞ ఉంది. ఈ మాటలు ఆదివారం బడిలో ఎప్పటినుంచో చెబుతున్నవే. వాటిని కరెంటు బిల్లుతో, డీజిలు బిల్లుతో కలిపి చదవడం మాత్రం కొత్త.

ఆ కలయిక ప్రపంచ స్థాయిలో ఊపందుకున్నది గత మూడు, నాలుగు దశాబ్దాల్లో. 1989లో కాన్‌స్టాంటినోపుల్ ఆర్థడాక్స్ పాట్రియార్క్ మొదటి డెమిత్రియోస్ సెప్టెంబరు 1ని సృష్టి కోసం ప్రార్థించే రోజుగా ప్రకటించారు. అక్కడి నుంచి అస్సీసీ ఫ్రాన్సిస్ పండుగ అయిన అక్టోబరు 4 వరకు సృష్టి కాలంగా పాటించడం ఇప్పుడు అనేక సంఘాల్లో ఉంది. పోప్ ఫ్రాన్సిస్ 2015లో వెలువరించిన 'లౌదాతో సీ' లేఖ కతోలిక్ సంస్థలకు దిశ చూపింది. దాన్ని ఆచరణలో పెట్టడానికి 2021లో ఏర్పాటైన కార్యాచరణ వేదికలో విద్యాసంస్థలకు ప్రత్యేక విభాగం ఉంది. చేరిన సంస్థ ఏడేళ్ల ప్రణాళిక వేసుకుని నడవాలి. ఇంగ్లండు చర్చి పాలక సభ 2020 ఫిబ్రవరిలో, 2030 నాటికి తన కర్బన ఉద్గారాలను నికరంగా సున్నాకు తేవాలని తీర్మానించింది. ఆ చర్చికి సుమారు 4,600 బడులున్నాయి, వాటిలో దాదాపు 10 లక్షల మంది పిల్లలు చదువుతున్నారు. కాబట్టి ఆ తీర్మానం గుడి గోడల మధ్య ఆగిపోయేది కాదు.

భారతదేశంలో పాట్నా జెస్యూట్ గురువు రాబర్ట్ అతికల్ 1988లో మొదలుపెట్టిన తరుమిత్ర విద్యార్థుల ఉద్యమం చర్చి బడుల నుంచే ఎదిగింది. డాన్ బాస్కో సంస్థలు 2018లో హరిత కూటమి ఏర్పరచాయి. దక్షిణ ఇండియా సంఘం, అంటే సి.ఎస్.ఐ., తన పర్యావరణ విభాగం ద్వారా హరిత పాఠశాలల కార్యక్రమం నడుపుతోంది. అందులో పిల్లలే తమ బడి నీరు, కరెంటు, చెత్త, స్థలం లెక్కలు తీస్తారు. దోర్నకల్, మెదక్, కృష్ణా–గోదావరి, రాయలసీమ వంటి తెలుగు మేత్రాసనాలు ఆ సంఘంలోవే. ఢిల్లీలోని విజ్ఞాన పర్యావరణ కేంద్రం రూపొందించిన హరిత బడుల తనిఖీకి మతంతో సంబంధం లేదు. గాలి, శక్తి, ఆహారం, భూమి, నీరు, చెత్త అనే ఆరు విభాగాలుగా అది సాగుతుంది. ఏ సంఘానికి చెందిన బడైనా దాన్ని నేరుగా వాడుకోవచ్చు, ఎస్.కోట ప్రాంతానికి అది బాగా సరిపోతుంది కూడా.

పేదపిల్లల బడికి ఈ లెక్క ఎందుకని అడిగేవాళ్లున్నారు. అడగదగిన ప్రశ్నే. భారతీయుడి సగటు కార్బన్ డయాక్సైడ్ ఉద్గారం ఏడాదికి సుమారు 2 టన్నులు, అమెరికా పౌరుడిది 14 టన్నుల దాకా ఉంటుంది. అనంతగిరి గూడెం నుంచి వచ్చిన హాస్టలు పిల్లది మన సగటులోనూ చిన్న వంతు. వాతావరణాన్ని పాడు చేసిన వాళ్లు వేరు, దెబ్బ తింటున్న వాళ్లు వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు విజయనగరం జిల్లా కూడా చీకట్లో మునిగింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలను నేలకూల్చింది. అందుకే ఈ పిల్లలకు లెక్క నేర్పేది నేరం ఒప్పించడానికి అనుకోకూడదు. రేపు పంచాయతీలోనో, కంపెనీలోనో, ప్రభుత్వంలోనో ఎవరు ఎంత కాలుస్తున్నారని నిలదీయగల చదువు వాళ్లకు ఉండాలి. ఎస్.కోట మండలంలో ఇది పుస్తకాల్లో ఉండే సంగతి కాదు. బొడ్డవర వైపు అల్యూమినా కర్మాగారం ప్రతిపాదన కోసం భూములు సేకరించాక రైతులు ఏళ్ల తరబడి ఆందోళన చేశారు. ఆ ఇళ్ల పిల్లలే ఈ బడుల్లో కూర్చుంటున్నారు.

బస్సు

లెక్క బస్సుతో మొదలుపెట్టాలి. బడి బస్సు ఒకటి ఉదయం, సాయంత్రం కలిపి రోజుకు 80 కిలోమీటర్లు తిరుగుతుందనుకుందాం. లీటరుకు 5 కిలోమీటర్లు వస్తే రోజుకు 16 లీటర్ల డీజిలు. 220 పని దినాలకు 3,520 లీటర్లు. లీటరు డీజిలు కాలితే సుమారు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. అంటే ఒక్క బస్సు ఏడాదికి దాదాపు 9.4 టన్నులు వదులుతుంది. అందులో 50 మంది పిల్లలు ఎక్కితే తలకు 190 కిలోలకు దగ్గరగా పడుతుంది. నడిచి వచ్చే పిల్లకు సున్నా. సైకిలు మీద వచ్చే పిల్లవాడికీ సున్నా.

ఈ పద్దు ఎలా పెరిగిందో చూస్తే బాధ కలుగుతుంది. తెలుగు మీడియం మిషన్ బడి ఉన్నచోటే ఉండిపోయింది. ఇంగ్లిషు మీడియం బడి పసుపు బస్సును పల్లె లోపలికి పంపి పిల్లల్ని ఎక్కించుకుపోయింది. పిల్లలు తగ్గితే టీచరు పోస్టులు పోతాయి. తట్టుకోవడానికి చర్చి యాజమాన్యాలు కూడా ఇంగ్లిషు మీడియం పెట్టాయి, బస్సులు కొన్నాయి. ఒకే పల్లెకు ఉదయం ఏడున్నరకు నాలుగు బడుల బస్సులు సగం ఖాళీగా రావడం ఉత్తరాంధ్రలో సాధారణ దృశ్యం. దీన్ని ఏ ఒక్క బడి ఒంటరిగా సరిచేయలేదు. వేర్వేరు సంఘాల కరెస్పాండెంట్లు ఒకచోట కూర్చుని రూట్లు పంచుకుంటే సరిచేయగలరు. క్రిస్మస్ ఐక్య ఆరాధనకు కలిసి కూర్చోగలిగిన సంఘాలు బస్సు రూటుకు కూర్చోలేకపోవడానికి కారణం కనబడదు.

రెండో దారి ఆర్టీసీ. విద్యార్థి పాసులు ఉన్నాయి, రోడ్డు మీద బస్సు ఎలాగూ తిరుగుతోంది. బడి గంటను పావుగంట ముందుకో వెనక్కో జరిపితే బస్సు వేళకు సరిపోయే పల్లెలు ఎన్నో ఉంటాయి. డిపో మేనేజరుకు హెడ్‌మాస్టరు రాసే ఉత్తరానికి ఖర్చేమీ లేదు. మూడోది నడక. కిలోమీటరున్నర లోపు ఉన్న పిల్లలను టీచరో, పై తరగతి పిల్లలో ముందుండి గుంపుగా నడిపించుకు రావచ్చు. అరకు రోడ్డు మీద పర్యాటకుల కార్లు ఎక్కువ కాబట్టి ఆ రోడ్డు దాటే చోట పెద్దవాళ్లు ఉండి తీరాలి. ఆ భద్రత చూపకుండా నడవమని తల్లిదండ్రులకు చెప్పడం సరికాదు. కొండ మీద పిల్లలకు మాత్రం హాస్టలే తక్కువ కర్బనపు ఏర్పాటు. రోజూ రెండుసార్లు ఘాటు ఎక్కి దిగే ప్రయాణం అసలు ఉండదు.

కరెంటు, కప్పు

మన గ్రిడ్డులో బొగ్గు కరెంటే ఎక్కువ. యూనిట్ వాడితే సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడినట్టు. పాత ఫ్యాను 75 వాట్లు లాగుతుంది. బ్రష్‌లెస్ మోటారున్న కొత్త ఫ్యానుకు 30 వాట్లు చాలు. 100 ఫ్యాన్లున్న బడి వాటన్నింటినీ మారిస్తే, రోజుకు 6 గంటల చొప్పున 220 రోజులకు 5,940 యూనిట్లు మిగులుతాయి. కర్బనంలో 4 టన్నులకు పైగా తగ్గుతుంది. యూనిట్ 7 రూపాయలనుకుంటే ఏడాదికి 41,000 రూపాయలు దాటి ఆదా అవుతుంది. ఫ్యాన్ల ఖర్చు ఆరేడేళ్లలో తిరిగి వస్తుంది. అన్నీ ఒక్కసారి మార్చాల్సిన పని లేదు. కాలిపోయిన ఫ్యానుకు మళ్లీ వైండింగు చేయించే ముందు ఆ డబ్బు కొత్తదానికి పెట్టాలన్న నియమం పెట్టుకుంటే చాలు.

అంతకంటే చవకైన పని కప్పు మీద తెల్ల సున్నం. స్లాబు మీద తెల్లపూత వేస్తే గది వేడి 2 నుంచి 5 డిగ్రీల వరకు తగ్గుతుంది. తెలంగాణ 2023లో చల్లని కప్పుల విధానమే తెచ్చింది. పెంకు కప్పు ఇంకా నిలిచి ఉన్న బడులు దాన్ని బాగు చేయించుకోవడానికే డబ్బు కూడబెట్టాలి. ఆ గది ఇచ్చే చల్లదనాన్ని స్లాబు కింద కరెంటుతో తెచ్చుకోవాలంటే జీవితకాలం బిల్లు కట్టాలి.

సౌర ఫలకాల గురించి అందరూ మాట్లాడతారు. 10 కిలోవాట్ల ఏర్పాటుకు దాదాపు 1,000 చదరపు అడుగుల కప్పు కావాలి. ఏడాదికి సుమారు 14,000 యూనిట్లు వస్తాయి. అంటే దాదాపు ఒక బస్సు వదిలే కర్బనానికి సమానం. కానీ బడికి ఒక ప్రత్యేక ఇబ్బంది ఉంది. ఎండ ఎక్కువగా కాసే ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం వరకు బడికి సెలవులు. ఆ కరెంటు గ్రిడ్డుకు వెళ్లి బిల్లులో జమ పడాలంటే తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థతో నెట్ మీటరు ఒప్పందం ఉండాలి. అది లేకుండా బ్యాటరీలతో పెట్టించుకుంటే వేసవి ఉత్పత్తి వృథా అవుతుంది, నాలుగైదేళ్లకు బ్యాటరీల ఖర్చు మీద పడుతుంది. విదేశీ దాత డబ్బిచ్చాడని ఫలకాలు బిగించి, తుడిచే మనిషిని పెట్టకపోతే దుమ్ము పట్టి దిగుబడి పడిపోతుంది. తుపాను గాలికి తట్టుకునే బిగింపులు ఈ తీరంలో తప్పనిసరి.

వంటిల్లు

హాస్టలున్న బడికి వంటిల్లు బస్సుతో పోటీ పడే పద్దు. 19 కిలోల వాణిజ్య సిలిండరు కాలితే సుమారు 57 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. నెలకు 15 సిలిండర్లు వాడే హాస్టలు పది నెలల్లో 8 టన్నులు దాటుతుంది. పప్పు ముందురోజు నానబెట్టడం, మూత పెట్టి వండడం, పెద్ద ప్రెషరు కుక్కర్లు వాడడం వంటివి వంట మనుషులతో కూర్చుని మాట్లాడితే అమలయ్యే సంగతులు. కట్టెల పొయ్యి మీద మధ్యాహ్న భోజనం వండే చోట కర్బనం కంటే ముందు ఆ ఆడవాళ్ల ఊపిరితిత్తుల గురించి ఆలోచించాలి. పొగ గొట్టం లేని వంటపాకలో గంటల తరబడి నిలబడేది వాళ్లే.

ఏం వండుతామన్నది కూడా ముఖ్యమే. నిలవనీటి వరి మడి మీథేన్ వదులుతుంది. చోడి చేనుకు నిలవ నీరు అక్కరలేదు. విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానం చోడి రకాలకు పేరు పొందింది. అది విడుదల చేసిన వేగావతి, సువర్ణముఖి రకాలకు ఈ జిల్లాల నదుల పేర్లే పెట్టారు. మధ్యాహ్న భోజన పథకంలో 2023 మార్చి నుంచి రాగిజావ చేరింది. ఇక్కడి తాతలకు చోడి అంబలి రోజువారీ తిండి. తెల్లన్నం గౌరవమైన తిండిగా మారిన తర్వాత పిల్లలు అంబలిని పేదరికపు గుర్తుగా చూడడం నేర్చుకున్నారు. చర్చి హాస్టలు వారంలో రెండు పూటలు చోళ్లు పెట్టి, సిస్టర్లూ పాస్టరు గారూ అదే పంక్తిలో కూర్చుని తింటే ఆ చూపు మారడానికి ఎక్కువ కాలం పట్టదు. చోళ్లు చుట్టుపక్కల రైతుల దగ్గరే కొనవచ్చు.

విస్తరి సంగతీ ఇలాంటిదే. అనంతగిరి కొండల నుంచి గిరిజన స్త్రీలు అడ్డాకు మోపులు సంతకు తెస్తారు. వార్షికోత్సవానికి, క్రిస్మస్ విందుకు థర్మాకోల్ పళ్లాలు కొనే బదులు అడ్డాకు విస్తర్లు కొంటే ఆ డబ్బు కొండ ఎక్కుతుంది, ఎంగిలాకు ఎరువు గుంటలోకి పోతుంది. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు అనేకం 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధంలో ఉన్నాయి. చర్చి గేటు మీద ఏడాది పొడుగునా మారే ఫ్లెక్సీలను కూడా ఈ లెక్కలోనే చూడాలి. గుడ్డ బ్యానరు మీద రాయగల చిత్రకారులు ఈ జిల్లాలో ఇంకా ఉన్నారు.

చెట్టు, నీరు

పర్యావరణం అనగానే బడుల్లో జరిగేది మొక్కలు నాటి ఫొటో దిగడం. బాగా ఎదిగిన చెట్టు ఏడాదికి పీల్చుకునేది స్థూలంగా 20 కిలోల కార్బన్ డయాక్సైడ్. పైన చెప్పిన ఒక్క బస్సుకు సరితూగాలంటే అలాంటి చెట్లు 470 కావాలి. బడి ఆవరణలో అంత చోటు ఉండదు, నాటిన మొక్క అంత చెట్టు కావడానికి పదేళ్లు పడుతుంది. కాబట్టి చెట్టును కర్బనపు అప్పు తీర్చే సాధనంగా చూపడం పిల్లలకు తప్పు లెక్క నేర్పడమే. చెట్టు విలువ వేరు. నీడ, పండు, పక్షి, నేలలో తేమ, పాఠం చెప్పుకునే చోటు దాని వల్ల వస్తాయి.

జూన్ 5న ప్రపంచ పర్యావరణ దినం. ఆ రోజు ఆంధ్రప్రదేశ్‌లో బడులు తెరిచి ఉండవు, ఎండ నిప్పులు చెరుగుతుంటుంది. రుతుపవనం నిలదొక్కుకున్నాక జులైలో నాటిన మొక్కకు బతికే అవకాశం ఎక్కువ. నేరేడు, ఉసిరి, కానుగ, వేప, చింత, మద్ది, పనస ఈ నేలకు అలవాటైనవి. పనసకు ఎస్.కోట, అనంతగిరి చుట్టుపక్కల మంచి పేరుంది. కాగితం మిల్లుల కోసం రైతులు వేసే నీలగిరి, సరుగుడు బడి ఆవరణకు తగినవి కావు. తుపాను దారిలో ఉన్న ప్రాంతం కాబట్టి కొమ్మలు పెళుసుగా విరిగే చెట్లను తరగతి గదులకు దూరంగా ఉంచాలి. నాటిన వాటన్నింటినీ కాక, రెండో వేసవి దాటి బతికిన వాటినే రిజిస్టరులో రాయాలి.

నీటి విషయంలో ఈ ప్రాంతానికి ఒక వైరుధ్యం ఉంది. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తనీ నది మీద కట్టిన తాటిపూడి జలాశయం విశాఖ నగరానికి తాగునీరు పంపుతుంది. దాని పక్క పల్లెల బడుల్లో వేసవి వచ్చేసరికి బోరు ఎండుతుంది. జిల్లాలో సగటు వర్షపాతం సుమారు 1,100 మిల్లీమీటర్లు. 500 చదరపు మీటర్ల కప్పున్న బడి మీద పడే వానలో 80 శాతం పట్టుకున్నా ఏడాదికి 4 లక్షల 40 వేల లీటర్లు. దాన్ని పాత బావిలోకి మళ్లిస్తే మోటారు తక్కువ లోతు నుంచి తోడుతుంది, కరెంటు కూడా తగ్గుతుంది. పాత మిషన్ కాంపౌండ్లలో పూడిపోయిన బావులు ఉన్నాయి. కొత్త బోరు వేయించే ముందు వాటి పూడిక తీయించాలి.

డబ్బు, పండుగ, పెత్తనం

ఎయిడెడ్ బడుల్లో టీచర్ల జీతం ప్రభుత్వానిది, కట్టడాల బాగోగులు యాజమాన్యానివి. 2021లో రాష్ట్ర ప్రభుత్వం ఎయిడెడ్ సంస్థలను విలీనం చేసుకోవడానికి ఉత్తర్వులు తెచ్చినప్పుడు క్రైస్తవ యాజమాన్యాలు పెద్ద ఎత్తున కలత చెందాయి. నిరసనల తర్వాత సంస్థలకు ఎంచుకునే వీలు ఇచ్చారు. రేపు బడి ఎవరి చేతిలో ఉంటుందో తెలియని యాజమాన్యం ఆరేడేళ్లకు ఫలితమిచ్చే ఫ్యానుకు డబ్బు పెట్టడానికి వెనకాడుతుంది. వాళ్లను తప్పుపట్టలేం.

అయితే తెలుగు సంఘాలకు చిన్న మొత్తాలు కూడబెట్టే సంప్రదాయం ఉంది. వంట చేసే ముందు ప్రతి ఇల్లాలూ పిడికెడు బియ్యం వేరే కుండలో వేసి వారాంతానికి గుడికి తేవడం వల్ల ఎన్నో పల్లె గుళ్ల ఖర్చు గడిచింది. కోతకాల కృతజ్ఞతా ఆరాధనలో గుమ్మడికాయ, అరటిగెల, కోడిపుంజు వేలం వేసి వచ్చిన డబ్బుతో గోడలు లేచాయి. ఒక ఏడాది కోత పండుగ వేలం డబ్బును బడి కప్పు తెల్లపూతకో, బావి పూడికకో ఇవ్వాలని సంఘం తీర్మానిస్తే పైనుంచి ప్రాజెక్టు కోసం ఎదురుచూడనక్కర లేదు. ఆ పండుగ ఎలాగూ నేల ఇచ్చినదానికి కృతజ్ఞత చెప్పేదే. లెంట్ నలభై రోజుల్లో మాంసం మానే ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ రోజుల్లో బడి దాకా బైకు మీద దింపడం మానమని తల్లిదండ్రులను అడగవచ్చు. నడిపించడం మొదలుపెట్టిన ఇళ్లలో కొన్ని ఈస్టరు తర్వాత కూడా ఆపవు.

అన్నిటికంటే పెద్ద అడ్డంకి బదిలీలు. ఉత్సాహమున్న ఫాదరో, సిస్టరో, పాస్టరు గారో మూడేళ్లు చేసిన పని వాళ్లు వెళ్లిన ఏడాదికి ఆగిపోతుంది. కొత్తగా వచ్చినవారికి ఎరువు గుంట ఎందుకు తవ్వారో తెలియదు, పూడ్పించి సిమెంటు చేయిస్తారు. దీనికి మందు వ్యవస్థలోనే ఉంది. బడి చార్జి అప్పగించేటప్పుడు స్టాకు రిజిస్టరు, నగదు పుస్తకం, భూమి పత్రాలు సంతకం పెట్టి ఇస్తారు. అదే జాబితాలో కర్బన పద్దు పుస్తకం ఒకటి చేర్చాలని మేత్రాసనమో, సమాఖ్యో ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు. అందులో ప్రతి నెలా కరెంటు మీటరు అంకె, డీజిలు లీటర్లు, సిలిండర్ల సంఖ్య, వేసవిలో బావి నీటి మట్టం, బతికి ఉన్న చెట్ల పేర్లు ఉండాలి. రాయాల్సింది తొమ్మిదో తరగతి పిల్లలు, సంతకం పెట్టాల్సింది హెడ్‌మాస్టరు. ఆ పిల్లలు పదోతరగతిలోకి వెళ్లగానే ఎనిమిది నుంచి వచ్చినవాళ్లకు పుస్తకం అప్పగిస్తారు. అప్పుడు కరెస్పాండెంటు మారినా పద్దు ఆగదు.